సుట్టి, ఖాడా: మన చైత్రపు జాతరల కథ



హోలీ వెళ్లి పది రోజులైందంటే మన సోలాపూర్ జిల్లాలో ఎండ మాట తర్వాత వినిపించేది జాతర మాటే. ఎవరు తుల్జాపూర్ పోతున్నారు, ఎవరు అక్కల్‌కోట పోతున్నారు, పిల్లల పరీక్షలు ఎప్పుడైపోతాయి, ఊరి నుంచి చుట్టాలు ఎప్పుడొస్తున్నారు – విడీ ఘర్కుల్‌లో ఏ గడప ముందు నిలబడ్డా ఇవే ముచ్చట్లు. ఈ పూట ఆ జాతరల గురించే మీతో మాట్లాడదామని వచ్చాను. దేవుళ్ల మహిమలు చెప్పడానికి కాదు; అవి నాకంటే మీ ఇంట్లో పెద్దవాళ్లకే ఎక్కువ తెలుసు. ఆ ఒక్క రోజు ఇల్లు దాటి బయటికి పోవడానికి మన తాతలు, అవ్వలు, ఇప్పటి మన అక్కచెల్లెళ్లు ఏ దారిన పోయారు, దేన్ని పణం పెట్టి పోయారు అన్నది కాసేపు చెప్పుకుందాం.

ముందుగా రెండు మాటలు. మనం ఇంట్లో తెలుగే మాట్లాడినా సెలవును 'సుట్టి' అనే అంటాం. అది మరాఠీ మాట. దానికి తోడు ఇంకొకటి ఉన్నది, 'ఖాడా'. అదీ మరాఠీదే. సుట్టి అంటే పనిలేని రోజు. ఇంట్లో కూర్చున్నా ఎవరూ అడగరు. ఖాడా అంటే పనికి పోని రోజు. ఆ రోజు కూలి పోతుంది, పగారు చేతికొచ్చిన నాడు లెక్క తేలుతుంది. బడిలో పిల్లలను సుట్టికి అచ్చ తెలుగు మాట అడిగితే 'సెలవు' అని చెప్తారు. ఖాడాకు అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకూ దానికి సరిపోయే ఒక్క మాట దొరకలేదు. మన పని మనకు నేర్పిన మాట అది.

మన పెద్దలు తెలంగాణ నుంచి, అంటే కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి, ఒక్కసారిగా వచ్చినవాళ్లు కాదు. తరాల తరబడి, కరువు వచ్చినప్పుడల్లా కొందరు, పని దొరుకుతుందన్న కబురు వచ్చినప్పుడల్లా కొందరు వచ్చారు. సోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. 1876 నుంచి 78 దాకా దక్కను అంతటా పెద్ద కరువు పడింది. ఆ కరువు నడుమ, 1877లో, సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. మన వాళ్లు జూనీ మిల్లు అన్నది దాన్నే. ఆ తర్వాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు, జామ్ మిల్లులు వచ్చాయి. కొందరు మిల్లు గేటు లోపలికి పోయారు, ఎక్కువమంది ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు.

ఈ తేడా సుట్టి లెక్కలో చాలా పెద్దది. మిల్లువానికి ఆదివారం ఉన్నది. అది కూడా ఊరికే రాలేదు. జోతిబా ఫులే అనుచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో బాంబే మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్ పెట్టి, అర్జీలు రాసి, సభలు జరిపి, మిల్లు యజమానుల చేత ఆదివారం సెలవు ఒప్పించారు. అది 1890 జూన్ 10వ తేదీ. మరుసటి ఏడు, 1891లో, ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవును రాతలోకి తెచ్చింది. ఇంట్లో మగ్గం ఉన్నవానికి మాత్రం ఏ చట్టమూ వర్తించలేదు. అతనికి అమావాస్య ఒక్కటే దిక్కు. అమావాస్య నాడు మగ్గం ముట్టకపోవడం చేనేత ఇళ్లలో పాత ఆచారం. ఆ రోజు మగ్గం ఆగుతుంది, మగవాళ్లు నలుగురూ ఒకచోట కూర్చుంటారు. కండెలు చుట్టే ఆడమనిషికి మాత్రం అదే రోజు ఇల్లు అలుకుడు, బట్టలు ఉతుకుడు మీద పడుతుంది. నెలకొక్క సుట్టి వస్తే, ఇంట్లో అది ఒక్కరికే వచ్చింది.

తర్వాత ఆడవాళ్ల ఒళ్లోకి బీడీ చాట వచ్చింది. ఇది వినేవాళ్లలో ఆ చాట ముందు కూర్చునే వింటున్నవాళ్లు చాలామంది ఉంటారు. మీకు నేను పని వివరించనక్కరలేదు. సరిహద్దు అవతలి శ్రోతల కోసం రెండు ముక్కలు చెప్తాను. రాత్రి తునికాకు నీళ్లలో నానబెట్టాలి. పొద్దున తడిగుడ్డలో చుట్టిపెట్టాలి. కత్తెరతో అచ్చు ప్రకారం కత్తిరించాలి. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, తల ముడవాలి. కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోతే అక్కడ నాసివి పక్కకు తీసేస్తారు. పగారు వెయ్యికి ఇంత అని. నెలకు ఇంత అని కాదు, రోజుకు ఇంత అని కూడా కాదు. వెయ్యికి ఇంత అన్నచోట సుట్టి అనే మాటకు స్థలమే లేదు. అన్నీ ఖాడాలే.

1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చినప్పుడు ఈ లెక్క కొంచెం మారింది. కంపెనీ ఇచ్చిన ఆకు, తంబాకుతో ఇంట్లో కూర్చుని చుట్టే మనిషి కూడా కార్మికురాలే అని ఆ చట్టం చెప్పింది. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున ఏడాదికి జీతంతో సెలవు రాసింది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతిలో ఆ పాత చట్టాన్ని కలిపారు. చట్టం మంచిదే. కానీ ఇంటి గడప లోపల జరిగే పనిలో ఆ జీతపు సెలవు ఏ తారీఖున పడుతుందో ఎవరు చెప్పాలి? కార్ఖానాకు తాళం పడితే సెలవు అని తెలుస్తుంది. చాటకు తాళం ఉండదు గదా.

ఇక మన విడీ ఘర్కుల్. హైదరాబాదు రోడ్డు పట్టుకుని పోతే పాత కాలనీ, కుంభారి శివారులో కొత్తది. కుంభారిలోని పదివేల ఇళ్లకు కామ్రేడ్ గోదూతాయి పరూళేకర్ పేరు పెట్టారు. 1907లో పుట్టి 1996లో పోయిన ఆమె వార్లీ ఆదివాసుల వెట్టిచాకిరీ మీద పోరాడిన మనిషి. ఆ పోరాటం గురించి ఆమె రాసిన మరాఠీ పుస్తకానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. బీడీ కార్మికుల నాయకుడు నర్సయ్య ఆడం ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి మోర్చాలు తీస్తే ఆ ఇళ్లు వచ్చాయి. 2006 సెప్టెంబర్ 1న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తాళంచెవులు అందించారు. అదే కుంభారిలో రే నగర్ ఇళ్లలో మొదటి పదిహేను వేలను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అందించారు. మోర్చాకు పోయిన ప్రతి రోజూ ఒక ఖాడాయే. ఆ లెక్కన ఈ గోడలలో ఇటుకలతో పాటు ఎన్ని వేల ఖాడాలు ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు పంచాంగం తీద్దాం. మన పెద్దలు తెలంగాణ నుంచి తెచ్చుకున్నది కాముని పున్నమి. మోదుగ పూలు ఉడకేసి రంగు తీసిన ముచ్చట్లు, జాజిరి ఆటలు ముసలివాళ్లను అడిగితే ఇప్పటికీ చెప్తారు. కాముణ్ణి కాల్చిన తెల్లారే మనకు రంగు. మరాఠీవాళ్లకు రంగు ఐదు రోజుల తర్వాత, రంగపంచమికి. రెండు భాషల నడుమ బతికే పిల్లలకు ఇందులో లాభమే: రెండుసార్లు రంగు, రెండుసార్లు అమ్మ చేత తిట్లు. ఆకు తడిపే బిందెలో పిచికారీ ముంచితే తిట్లు కాక ఏం పడతాయి?

అసలు గుంపు చైత్ర శుద్ధంలో ఉన్నది. పాడ్యమి నాడు ఉగాది. ఒకే ఇంట్లో ఇటు వేపపువ్వు, కొత్త చింతపండు కలిపిన పచ్చడి, బక్షాలు. అటు గుమ్మం మీద గుడి, దానికి చక్కెర గాఠీల దండ. పండుగ ఇంట్లోనే గనుక అది కొంత నయం, మధ్యాహ్నం నుంచి చాట ముందు కూర్చోవచ్చు. విదియ నాడు అక్కల్‌కోట స్వామి సమర్థుల ప్రకట దినం. తొమ్మిదో నాడు శ్రీరామనవమి. ఏకాదశికి పండరి చైత్ర వారీ. పున్నమికి తుల్జాపూర్, అదే రోజు హనుమాన్ జయంతి. పదిహేను రోజుల్లో ఇన్ని! అన్నిటికీ పోయే ఇల్లు మన దగ్గర లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఒక్కదానికీ ముందే కొలత వేసుకోవాలి.

ఆ కొలత ఎట్లాగో చెప్తాను. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషి ఒక రోజు తుల్జాపూర్ పోవాలనుకుంటే, ఆ వెయ్యిని ముందు వారం రోజులకు పంచుకోవాలి. రోజుకు నూట నలభైకి పైన ఎక్కువ పడతాయి. అంటే రోజూ ఇంకొక గంట, గంటన్నర. అది కూడా చైత్రపు ఎండలో. తడిగుడ్డ తీసిన కాసేపటికే ఆకు ఆరి, చుడుతుంటే పగులుతుంది. అందుకే ఆ వారం తెల్లవారుజామునే దీపం వెలిగే ఇళ్లు ఏవో చూస్తే జాతరకు పోయేవాళ్లెవరో తెలిసిపోతుంది. ఆకు కత్తిరించేందుకు ఆడపిల్లలు కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే బడిలో వార్షిక పరీక్షలు. పరీక్ష కాగితం మీద పిల్ల అక్షరం వంకర పోతే నేను మొదట ఆమె బొటనవేలు చూస్తాను. కత్తెర రింగు ఒత్తుకుని కాయ కాసి ఉంటుంది. తల్లిని తప్పు పట్టను. ఏడాదికొక్క రోజు ఇల్లంతా కలిసి బయటికి పోవాలన్న ఆశ ఆ పిల్లకూ ఉన్నది. కానీ జాతర ఖర్చులో పిల్ల చదువుకునే గంట కూడా ఒక పద్దు అని తండ్రులు గుర్తుంచుకుంటే బాగుండు. కత్తెర వాళ్లూ పట్టవచ్చు.

ఇంకొక సంగతి. మనం జాతరకు మూట కట్టుకునే నెలల్లోనే, ఏప్రిల్, మే ఎండల్లో, ఆదిలాబాదు, ఖమ్మం, గడ్చిరోలీ అడవుల్లో తునికాకు కోత నడుస్తుంది. మన చాటలోకి వచ్చే ఆకు అక్కడ ఇంకొక ఆడమనిషి ఎండలో తెంపి, కట్ట కట్టి, కల్లంలో ఆరబెట్టినది. ఆమె పగారు కూడా కట్టల లెక్కనే.

పోయే దారుల చరిత్ర చూద్దాం. పండరికి మన పెద్దలు నడిచిపోయేవాళ్లు, బండ్ల మీద పోయేవాళ్లు. 1897లో బార్షీ రోడ్డు, అంటే ఇప్పటి కుర్డువాడి, నుంచి బార్షీకి రెండున్నర అడుగుల చిన్న పట్టాల మీద బార్షీ లైట్ రైల్వే మొదలైంది. 1906లో అది పండరిపురం దాకా పోయింది. సోలాపూర్‌లో పెద్ద రైలెక్కి, కుర్డువాడిలో దిగి, చిన్న రైలు పట్టుకుంటే పండరి. ఒక రోజులో పోయి రావడం నేతగానికి కూడా వీలైంది. ఆ చిన్న పట్టాలు తర్వాత బ్రాడ్‌గేజీ అయ్యాయి.

తుల్జాపూర్ సంగతి వేరు. దూరం నలభై ఐదు కిలోమీటర్లే. కానీ 1948 దాకా అది పరరాజ్యం. సోలాపూర్ ఇంగ్లీషువాళ్ల బొంబాయి రాజ్యం, తుల్జాపూర్ నిజాం రాజ్యం. నడుమ నిజాం సుంకపు శాఖ, దాని పేరు కరోడ్‌గిరి. అక్కడ చెల్లే రూపాయి కూడా వేరు. హాలీ సిక్కా ఏడు రూపాయలు ఇంగ్లీషు రూపాయలు ఆరుకు సుమారు సమానం. అంటే అమ్మవారి దగ్గరికి పోయే భక్తుడు సరిహద్దు దాటేవాడు. ఇందులో వింత ఏమిటంటే, మన పెద్దలకు ఆ నిజాం రాజ్యమే పుట్టిల్లు. కూటి కోసం దాటి వచ్చిన హద్దునే మొక్కు కోసం మళ్లీ దాటేవాళ్లు.

ఇప్పటికీ నడిచిపోయేవాళ్లు తుల్జాపూర్ రోడ్డు మీద హిప్పర్గా చెరువు గట్టున ఆగుతారు. ఏక్రూఖ్ తలావ్ అన్నా అదే. 1871లో పూర్తయిన ఆ చెరువు ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ ప్రాంతపు పెద్ద చెరువుల్లో ఒకటి. చైత్రానికి నీళ్లు వెనక్కి పోయి ఒండ్రు పగుళ్లు తేలుతాయి, అయినా గాలి చల్లగా ఉంటుంది. తుల్జాపూర్ దాటి ఇంకా పైకి పోతే యెర్మాళా. అక్కడి యేడేశ్వరి జాతర చైత్ర పున్నమికే. పున్నమి తెల్లారి లక్షల మంది పొలంలో సున్నపురాళ్లు ఏరి ఒకచోట కుప్ప పోస్తారు. మనిషికి ఐదు రాళ్లు. ఆ సున్నంతోనే గుడికి వెల్ల వేస్తారు. కొబ్బరికాయ, చీర, డబ్బు కాకుండా ఐదు రాళ్లు ఏరే పనిని మొక్కుగా తీసుకునే దేవత నాకు చాలా నచ్చింది. పేదవాళ్ల దగ్గర ఉండేది అదే గదా, చేతి పని.

అక్కల్‌కోట మనకు దగ్గర, నలభై కిలోమీటర్లు. 1948 దాకా అది భోంస్లేల సంస్థానం. స్వామి సమర్థులు 1856 ప్రాంతంలో అక్కడికి వచ్చి, 1878 ఏప్రిల్ 30న, చైత్ర బహుళ త్రయోదశి నాడు సమాధి అయ్యారు. అందుకే అక్కడ చైత్రంలో రెండు పర్వాలు, విదియకొకటి, త్రయోదశికొకటి. ఉగాది ఖర్చు తెల్లారే విదియ నాడు కష్టమనుకునేవాళ్లు త్రయోదశికి పోతారు. పంచాంగం పేదవాళ్లకు కూడా రెండో వాయిదా ఇచ్చింది.

మొక్కు లేకుండా ఊరికే చూడడానికి పోయే అలవాటు మనకు తక్కువ. 'ఏం దేవుడున్నాడని పోవాలి?' అంటారు. నేను మాత్రం ఒక చోటు చెప్తాను, మన కాలనీ ముందున్న రోడ్డే అక్కడికి తీసుకుపోతుంది: నల్‌దుర్గ్. సుమారు నలభై ఐదు కిలోమీటర్లు. బోరీ నదికి అడ్డంగా కట్ట కట్టి, ఆ కట్ట కడుపులో గదులు కట్టారు. దాన్నే పానీ మహల్ అంటారు. బీజాపూర్ సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో, 1613లో కట్టినది. వానాకాలంలో కట్ట మీది నుంచి రెండు ధారలు దూకుతాయి, నర్ అని, మాదీ అని. చైత్రంలో ధారలు ఉండవు, కానీ లోపల అడుగుపెడితే బయటి ఎండ మరిచిపోతారు. 1853లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు, 1860లో తిరిగి తీసుకున్నాడు. ఆ నడుమ కొన్నేళ్లు ఇక్కడ అధికారిగా ఉన్నవాడు మెడోస్ టేలర్, థగ్గుల మీద నవల రాసి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్న మనిషి.

1947, 48 సంవత్సరాల్లో రజాకార్ల భయానికి హద్దు దాటి సోలాపూర్‌కు చాలామంది తరలివచ్చారు. 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం సోలాపూర్ నుంచి బయలుదేరి మొదట చేరింది ఈ నల్‌దుర్గ్‌కే. బోరీ మీది వంతెన చెడకుండా చేతికి రావడంతో ముందుకు దారి దొరికింది. ఐదో రోజున హైదరాబాదు లొంగిపోయింది. మన తాతముత్తాతల్లో ఎంతోమంది మూటలతో వచ్చిన దారి ఇది. సైన్యం అటు పోయిందీ ఈ దారినే. ఈనాడు మీ పిల్లలు సహల్ పేరుతో బస్సులో పోగలిగేదీ ఇదే. పుస్తకంలో ఒక పేజీ చదివించడం కంటే ఆ వంతెన దగ్గర ఒక అరగంట నిలబెట్టడం మేలని ఉపాధ్యాయురాలిగా నా అనుభవం.

చైత్ర వైశాఖాల నడుమ ఇంకొక రోజు వస్తుంది, దానికి తిథి లేదు, తారీఖు ఉన్నది. మే 1. ప్రపంచమంతా కార్మికుల దినం. మనకు 1960 నుంచి మహారాష్ట్ర దినం కూడా. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు విడిపోయినప్పుడు గుల్బర్గా మైసూరు వైపు పోయింది, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, మనం ఇటు ఉండిపోయాం. బడిలో పొద్దున జెండా ఎగరేసి మరాఠీలో రాష్ట్రగీతం పాడిస్తాం. ఆ తర్వాత అదే పిల్లల తల్లులు ఎర్ర జెండాలతో ఊరేగింపుకు పోతారు. అక్కడ నినాదాలు మరాఠీలో మొదలై తెలుగులోకి మారి, మళ్లీ మరాఠీలోకి వస్తుంటాయి. కార్ఖానాలకు ఆ రోజు సుట్టి. ఇంట్లో ఆకు మాత్రం రాత్రే నానబెట్టి ఉంటుంది.

ఈ ఏడు మీరు జాతరకో, సహల్‌కో పోదలిస్తే రెండు మాటలు. మన వాడలో నల్లా నీళ్లు రోజూ రావు. నీళ్లు వచ్చే వంతు చూసుకుని బయలుదేరండి, లేకపోతే తిరిగివచ్చి ఖాళీ బిందెలు చూడాల్సి వస్తుంది. నల్‌దుర్గ్ కోటలో నీడ తక్కువ. పొద్దున్నే పోయి ఎండ ముదరక ముందే పానీ మహల్ లోపలికి దిగండి. జొన్న రొట్టె, శేంగా చట్నీ, మజ్జిగ కట్టుకుపోతే చాలు. ఇంట్లో పెద్దవ్వ ఉంటే ఆమెను కూడా తీసుకుపోండి. దారిలో ఏ ఊరి దగ్గర వాళ్ల బండి ఆగింది, హద్దు దగ్గర ఏం అడిగారు, ఎక్కడ రాత్రి పడుకున్నారు అని బస్సులో కూర్చున్నప్పుడు అడగండి. మనవళ్లను పక్కనే కూర్చోబెట్టండి.